పిచ్చేశ్వరరావు గారి గొంతు

నాగిడి ఏడుకొండలు గారికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. నాలుగేళ్లు ఆయనకీ నాకూ మధ్య ఒక్క ప్లైవుడ్ చెక్కే అడ్డం. ఇటు నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లీషు పాఠం చెప్పేదాన్ని. అటు ఆయన ఎకనామిక్స్ చెప్పేవారు. "మేడమ్, మీ వెనకాల ఎవరో గొడవ పడుతున్నారు" అని నా స్టూడెంట్లు టైపు చేసిన రోజులున్నాయి. గొడవేం లేదు, పక్క గదిలో డిమాండు సూత్రం నడుస్తోందని చెప్పేదాన్ని.

ఆయన పుట్టింది దివిసీమలో. ఏడేళ్ల వయసులో ఉప్పెన వచ్చింది. ఆ ఇంట్లో మిగిలిన నలుగురూ బందరు పక్కన గిలకలదిండికి వచ్చి గుడిసె వేసుకున్నారు. తండ్రి వెంకటపతి వేరేవాళ్ల బోటు మీద వేటకెళ్లేవాడు. మోటారు చప్పుడులో ఒక బోటు మీంచి ఇంకో బోటు మీదికి మాట వినపడాలంటే ఎంత గొంతు కావాలో అంత గొంతూ ఆ ఇంట్లో అందరికీ ఉండేది. "మా ఇంట్లో గుసగుసలనేవి లేవండీ. మా అమ్మా నాన్నా ఏం మాట్లాడుకున్నా వీధంతా వినాల్సిందే" అని నవ్వేవారు ఏడుకొండలు గారు. ఇప్పుడా గొంతుతో హార్బరులో చేపల వేలంపాట పాడుతున్నారట. బాగా పాడతారని మా పనిమనిషి చెప్పింది. నేను వెళ్లి వినలేదు. వినే ధైర్యం నాకు లేదు.

గిలకలదిండిలో వాళ్ల వీధి నుంచి ఎం.ఏ. దాకా వెళ్లిన మొదటి మనిషి ఆయన. పందొమ్మిది వందల తొంభై నాలుగులో చదువు ముగించుకుని వచ్చి, బందరులో ఒక ప్రైవేటు కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరరుగా చేరారు. పార్ట్‌టైమ్ అంటే మా వైపు అర్థం ఇది: జూన్‌లో రమ్మంటారు, మార్చిలో మానమంటారు, మళ్లీ జూన్‌లో ఫోను చేస్తే ఎత్తరు. కాగితం మాత్రం ఇవ్వరు. కాగితం చేతిలో పెడితే రేపు పర్మనెంటు చెయ్యమని కోర్టుకెక్కుతారని వాళ్ల భయం. అలా బందరులో రెండు, పామర్రులో ఒకటి, గుడివాడలో రెండు, మొత్తం అయిదు కాలేజీల్లో పదకొండేళ్లు ఇంటర్ క్లాసులకి చెప్పారు. అందులో రెండు మూతపడ్డాయి. ఒకదాని బిల్డింగులో ఇప్పుడు కల్యాణమండపం నడుస్తోంది. ఆ పదకొండేళ్లకీ ఆయన దగ్గర చూపించడానికి ఉన్నది ఒకే ఒక్క గ్రూపు ఫోటో. అందులోనూ చివరి వరసలో సగం మొహమే పడింది.

రెండు వేల అయిదులో పిచ్చేశ్వరరావు గారు గుడివాడలో ఆన్‌లైన్ డిగ్రీ సెంటరు పెట్టారు. ఆయన రిటైరైన ప్రిన్సిపాల్, ఎకనామిక్స్‌లో డాక్టరేటు, ఊళ్లో పెద్దమనిషి. వేరే రాష్ట్రంలో ఉన్న ఒక యూనివర్సిటీ, ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం ఇంటర్నెట్ మీద బి.ఏ. పెట్టింది. పాఠం చెప్పే సెంటరు మాది. ఎరువుల కొట్టు పైన మూడు గదులు, ఆరు కంప్యూటర్లు, ఒక బ్రాడ్‌బ్యాండ్ లైను. స్టూడెంట్లు ముదినేపల్లిలో, కైకలూరులో, అవనిగడ్డలో నెట్ సెంటర్లకి వెళ్లి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినేవాళ్లు. ఆ లైను బొమ్మని మొయ్యలేదు. కాబట్టి మా మొహాలు వాళ్లకి కనపడవు, వాళ్ల మొహాలు మాకు కనపడవు. మా గొంతు వెళ్తుంది, బోర్డు మీద మేం టైపు చేసింది కనిపిస్తుంది. వాళ్లకేమైనా అనుమానం వస్తే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తారు. క్లాసు పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర. ఆ తర్వాత వాళ్ల ఉద్యోగాలు వాళ్లవి, కరెంటు కోత కరెంటుది.

అయితే యూనివర్సిటీ వాళ్లకి పాఠం చెప్పేవాళ్లందరూ డాక్టరేట్లే కావాలి. పిచ్చేశ్వరరావు గారు ఎకనామిక్స్‌కి తన పేరే రాసి పంపారు. ఇంగ్లీషుకి హైదరాబాదులో ఉన్న తన మేనకోడలు డాక్టర్ రాజ్యలక్ష్మి పేరు రాశారు. రోజూ గంటన్నర కూర్చుని అరవడానికి ఆయనకి ఓపికా లేదు, మౌసు పట్టుకోవడమూ రాదు. అందుకని ఎం.ఏ.లతో సరిపెట్టుకున్న మమ్మల్ని పిలిచారు. చేరిన రోజు మాకు ఒకటే చెప్పారు.

"కంప్యూటర్ తెరవగానే పైన నా పేరో మా రాజ్యలక్ష్మి పేరో వస్తుంది. వచ్చిన పేరుతోనే చెప్పండి. సొంత పేరు మాత్రం ఎత్తకండి. పాఠం మీది, పేరు మాది. పేరు ఎవరిదైతే పిల్లలకేంటమ్మా, పాఠం ముఖ్యం కదా!"

నేను నవ్వేశాను. మా ఆయనకి గుడివాడలో మందుల షాపుంది. నేను ఇంట్లో తోచక చేరినదాన్ని. రాజ్యలక్ష్మి అంటే రాజ్యలక్ష్మి, మహాలక్ష్మి అంటే మహాలక్ష్మి, విజయకుమారి అనే నా పేరుకి వచ్చిన నష్టమేమీ లేదు. ఏడుకొండలు గారు నవ్వలేదు గానీ, అడ్డమూ చెప్పలేదు. ఆయన చూపంతా తెర మీద ఉంది. ఎన్నింటికి మొదలెట్టాం, ఎన్నింటికి ముగించాం, ఎంతమంది విన్నారు, అన్నీ నిమిషాలతో సహా అందులో దానంతటదే నమోదవుతోంది.

"చూశారాండీ మేడమ్," అన్నారు మెట్లు దిగుతూ. "పదకొండేళ్లు చెప్పినదానికి ఎవడూ ఒక్క ముక్క రాసిపెట్టలేదు. ఇది నిమిషాలతో సహా రాస్తోంది. రేపు ఎవరూ కాదనడానికి లేదు."

నిమిషాలు చూశారు గానీ ఆ నిమిషాలు ఎవరి పేరు కింద పడుతున్నాయో చూడలేదు ఆ మహానుభావుడు. నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు. ఆయన అంత సంతోషంగా ఉంటే నాకెందుకులే అనుకున్నాను. ఆ "నాకెందుకులే" ఇప్పటికీ నన్ను తింటోంది.

బందరు నుంచి తొలి పాసింజరులో వచ్చేవారు. ఆరున్నరకల్లా సెంటరులో ఉండేవారు. భార్య కోటమ్మ బందరు మార్కెట్లో ఎండుచేపలు అమ్మేది. మొగుడి ఉద్యోగం మీద ఆవిడకి మొదటి రోజు నుంచీ నమ్మకం లేదు. ఒకసారి కూతురు సాయిదుర్గని వెంటబెట్టుకుని సెంటరుకొచ్చి, ఆ చిన్న గదినీ కంప్యూటరునీ చూసి నన్నడిగింది. "ఏవండీ, ఆ పెట్టెకి పాఠం చెప్తే అది చదివి పాసవుద్దా?" నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

పాఠం మాత్రం అలా చెప్పేవాళ్లని నేను చూడలేదు. డిమాండు గీత ఎలా కిందికి దిగుతుందో పుస్తకంలో నాలుగు పేజీలుంటుంది. ఆయన రొయ్యలతో చెప్పేవారు. "కిలోకి ఎన్ని తూగితే అది కౌంటు. ముప్ఫై కౌంటంటే కిలోకి ముప్ఫై. అంకె దిగితే రొయ్య పెద్దది, రేటు పైకి. అంకె పెరిగితే రొయ్య చిన్నది, రేటు కిందికి. ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగుద్ది. మీ చెరువు గట్టు మీద రోజూ చూసేదే ఇది, పేరే ఇంగ్లీషులో ఉంది!" ముదినేపల్లి చెరువుల వాళ్లకి ఇంకేం చెప్పాలి? తెర మీద "గురువుగారూ సూపర్" అని వరసగా పడేవి. నా క్లాసులో ఎప్పుడూ పడలేదు.

మా జిల్లాలో పేరు వినగానే మనిషి ఎవరో, ఏ వీధివాడో, ఏ ఇంట్లో పిల్లనిస్తారో లెక్కగట్టేస్తారు. పిచ్చేశ్వరరావు గారి పేరు మా వాళ్ల పేరు. ఆ పేరు తెర మీద పడగానే స్టూడెంట్లు ముందే నిటారుగా కూర్చునేవాళ్లని నాకు తెలుసు. ఏడుకొండలు గారికీ తెలుసు. ఒకరోజు టీ తాగుతూ చెప్పారు.

"కాలేజీల్లో నన్ను 'ఏవయ్యా ఎకనామిక్సూ' అన్నవాళ్లే ఎక్కువండీ. పేరు అడిగి, ఊరు అడిగి, ఆ తర్వాత 'నువ్వు'లోకి దిగిపోయేవాళ్లు. ఇక్కడ రోజూ నలభై మంది 'గురువుగారూ' అంటున్నారు. నన్ను కాదని తెలుసు. అయినా చెవికి బాగుందండీ."

నేను బిస్కెట్ల ప్యాకెట్టు ఆయన ముందుకి జరిపాను.

ఆయన స్టూడెంట్లలో ఎలీసబెతు అని ఒకావిడ ఉండేది. అవనిగడ్డ అవతల ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు అవుతుంది. పొద్దున్నే ఆటోలో అవనిగడ్డ వచ్చి, నెట్ సెంటరులో పాఠం విని, తొమ్మిదింటికల్లా మళ్లీ ఊరెళ్లి పిల్లలకి ఉప్మా వండేది. ఎకనామిక్స్ అంటే ఏడ్చేది. ఏడుకొండలు గారు ఆవిడ కోసం చెప్పిందే మూడుసార్లు చెప్పేవారు. మొదటి ఏడాది పరీక్షల్లో ఆవిడకి అరవై రెండు మార్కులొచ్చాయి.

ఆ సంతోషంలో ఎలీసబెతు ఒక శాలువా, డజను ఆపిల్స్ కొనుక్కుని గురువుగారిని చూడటానికి గుడివాడ వచ్చింది. గురువుగారంటే మరి పిచ్చేశ్వరరావు గారే కదా! ఆయన కుర్చీలో కూర్చుని శాలువా కప్పించుకున్నారు. "బాగా చదువుకోమ్మా" అన్నారు. ఆయనది సన్నటి గొంతు, మాటకీ మాటకీ మధ్య దగ్గు. ఆవిడ మొహంలో ఏదో తేడా వచ్చింది. అప్పుడు ఏడుకొండలు గారు పక్క గదిలోంచి కుర్చీ తెచ్చి వేసి, "ఇలా కూర్చోండమ్మా" అన్నారు.

ఎలీసబెతు కూర్చోలేదు. ఆయన వైపు తిరిగి నిలబడిపోయింది. శాలువా కప్పుకున్న మనిషినీ, కుర్చీ తెచ్చిన మనిషినీ మార్చి మార్చి చూసింది. తెలివైన మనిషి, అక్కడేమీ అనలేదు. వెళ్లేటప్పుడు మెట్ల మీద ఆగింది. నేను వెనకే ఉన్నాను.

"మాస్టారూ, రొయ్యల కౌంటు చెప్పింది మీరే కదండీ?" అంది.

"నేనేనమ్మా. ఇక్కడితో వదిలెయ్యి" అన్నారు ఆయన.

ఆవిడ వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఏడుకొండలు గారు నాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టారు. శాలువా ఆయనకి దక్కలేదని నేను ఉడికిపోతుంటే, "పోనిద్దురూ, ఎండాకాలంలో శాలువా ఏం చేసుకుంటాను" అన్నారు.

ఇలా నాలుగేళ్లు గడిచాయి. రెండు వేల తొమ్మిది ఏప్రిల్లో పేపర్లో ఒక ప్రకటన పడింది. బందరులో ఒక ఎయిడెడ్ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరు పోస్టు. పర్మనెంటు, ప్రభుత్వ జీతం. డిగ్రీ క్లాసులకి మూడేళ్లు చెప్పిన అనుభవం ఉండాలి, దానికి సర్టిఫికెట్ ఉండాలి. వయసు ముప్ఫై తొమ్మిది దాటకూడదు. ఏడుకొండలు గారికి జూలైలో ఆ వయసు దాటిపోతుంది. ఆయన జీవితంలో పర్మనెంటు అనే మాటకి అదే ఆఖరి అవకాశం. ఇంకో ప్రకటన వచ్చేనాటికి ఆయన దరఖాస్తు కూడా తీసుకోరు.

నాలుగేళ్ల నిమిషాల లెక్కంతా కంప్యూటరులోంచి తీసి, ప్రింటు కొట్టించి, పుస్తకంలా కుట్టించి పిచ్చేశ్వరరావు గారి బల్ల మీద పెట్టారు. నేనూ అక్కడే ఉన్నాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు. ప్రతి వరసలోనూ తేదీ ఉంది, ఏడు గంటలుంది, ఎనిమిదిన్నర ఉంది. ప్రతి వరస మొదట్లోనూ డాక్టర్ పిచ్చేశ్వరరావు అని ఉంది.

"ఏడుకొండలూ, నువ్వు చెప్పలేదని నేనంటున్నానా?" అన్నారు చివరికి. "నీ అంత బాగా నేనే చెప్పలేను. కానీ నువ్వు చెప్పావని నేను సంతకం పెడితే, నేను చెప్పలేదని నేనే ఒప్పుకున్నట్టు కదయ్యా! ఇప్పటికి నలభై మంది డిగ్రీలు తీసుకెళ్లారు. వాళ్లేం కావాలి?"

"మరి నేనేం కావాలండీ?" అన్నారు ఏడుకొండలు గారు.

పెద్దాయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆయన దుర్మార్గుడని రాసెయ్యగలిగితే నాకు హాయిగా ఉండేది. ఏడుకొండలు గారి కూతురికి పుస్తకాలు కొనిపెట్టిన మనిషి ఆయన. పండక్కి బట్టలు పెట్టిన మనిషి. ఆ ఒక్క సంతకం తప్ప ఏదడిగినా ఇచ్చేవారు.

నేను రాసిస్తానన్నాను. పక్క గదిలో కూర్చుని నాలుగేళ్లు విన్నాను కదా, నాకంటే పెద్ద సాక్షి ఎవరున్నారు? ఏడుకొండలు గారు నా వైపు జాలిగా చూశారు. "మీరు మాత్రం ఉన్నారా మేడమ్ ఇక్కడ? ఇంగ్లీషు చెప్పింది రాజ్యలక్ష్మి గారు కదా" అన్నారు. నిజమే. ఆ సెంటరులో విజయకుమారి అనే మనిషి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. మొదటిసారి ఆ పేరు నన్ను కొట్టింది.

బందరు కాలేజీ ఆఫీసులో గుమాస్తా ఒక దారి చెప్పాడు. సర్టిఫికెట్ లేకపోతే, ఫలానా మాస్టారే మాకు పాఠం చెప్పారని పాత స్టూడెంట్లు ఇద్దరు రాసి సంతకం పెడితే కమిటీ ముందు పెట్టి చూస్తానన్నాడు. ఇంటర్ వాళ్లు లెక్కకి రారు, డిగ్రీ స్టూడెంట్లలో ఏడుకొండలు గారిని చూసింది లోకంలో ఎలీసబెతు ఒక్కతే. ఆవిడ రాస్తే, ఆవిడ మాట మీద ఇంకొకరు రాస్తారని మా ఆశ.

మే నెల ఎండలో ఇద్దరం బస్సెక్కాం. పులిగడ్డ వంతెన దాటేటప్పుడు ఏడుకొండలు గారు కిటికీలోంచి కృష్ణని చూస్తూ, ఉద్యోగమొస్తే మొదటి నెల కోటమ్మ చేత ఎండుచేపల బుట్ట దింపిస్తానన్నారు. అది తప్ప ఇంకేమీ కోరుకోలేదు ఆ మనిషి.

ఎలీసబెతు అప్పటికి సూపర్‌వైజరయింది. ఒక అంగన్‌వాడీలో కోడిగుడ్ల లెక్క చూస్తోంది. మమ్మల్ని చూడగానే రిజిస్టరు వదిలేసి లేచి, "మాస్టారూ!" అని పరుగున వచ్చింది. కుర్చీలు వేసింది, మజ్జిగ తెప్పించింది. ఏడుకొండలు గారు సంగతంతా చెప్పి, నేను టైపు చేయించిన కాగితం ఇచ్చారు. నాలుగు వరసలే. ఆవిడ చాలాసేపు చదివింది.

"నా మీద పిటిషన్ పెట్టారండీ," అంది. "ప్రమోషన్ రానివాళ్లు పెట్టారు. నాది దొంగ డిగ్రీ అంట. మొహం కనపడని చదువంట. పోయిన నెల జిల్లా ఆఫీసులో కూర్చోబెట్టి, ఏ సబ్జెక్టు ఎవరు చెప్పారో రాసి సంతకం పెట్టమన్నారండీ. పిచ్చేశ్వరరావు గారని రాసి పెట్టేశాను. ఇప్పుడు ఇది కూడా పెడితే రెండూ నా సంతకాలే అవుతాయి కదండీ. అందులో ఒకటి అబద్ధమని ఎవరికైనా తెలిసిపోద్ది."

ఏడుకొండలు గారు తల ఊపారు.

"నాకు చదువు చెప్పింది మీరే. దేవుడి ముందు నిలబడి చెప్తాను మాస్టారూ. కాగితం మీద చెప్పలేనండీ. మా ఆయన మంచం పట్టి ఏడాదయింది. ఈ ఉద్యోగం పోతే..." అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడి ముందు చెప్తే బందరు కాలేజీ వాళ్లకి వినపడుతుందా అని అడగబోయాను. ఏడుకొండలు గారు నన్ను చేత్తో ఆపి, ఆవిడ చేతిలోంచి కాగితం తనే తీసుకుని మడతపెట్టారు.

"వద్దులేమ్మా. కాగితం మీద వద్దు. గుడ్ల లెక్క చూసుకో, ఎండ ముదిరితే పాడైపోతాయి" అన్నారు.

తిరుగు బస్సులో నేను ఎలీసబెతుని తిట్టని తిట్టు లేదు. పామర్రు దాటాక ఆయన, "అరవై రెండు మార్కులండీ మేడమ్. ఎకనామిక్స్ అంటే ఏడ్చిన మనిషికి" అన్నారు.

జూన్‌లో పిచ్చేశ్వరరావు గారు ఏడుకొండలు గారిని పిలిచి ఒక కవరు చేతిలో పెట్టారు. ఎంతో ఆలోచించి ఈ మార్గం కనిపెట్టానన్నారు. లోపల సర్టిఫికెట్ ఉంది. నాగిడి ఏడుకొండలు మా సెంటరులో నాలుగేళ్లు కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేశారు, నడవడిక మంచిది అని రాసి ఉంది. "ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదయ్యా, వట్టి చేతులతో ఎలా వెళ్తావు" అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అందుకే నాకు మరింత అసహ్యమేసింది.

సర్టిఫికెట్ల పరిశీలన రోజు ఏడుకొండలు గారు దాన్నే ఫైలులో పెట్టుకుని వెళ్లారు. కోటమ్మ ఉతికిన చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. లోపల గుమాస్తా కాగితం చూసి, "ఇది ఆపరేటరుది కదండీ. లెక్చరరుగా చేసింది ఏదండీ?" అన్నాడట. ఈయన ఇంకేమీ తియ్యలేదట. ఫైలు వెనక్కిచ్చేశారు. బయటికి రాగానే కోటమ్మ ఏమన్నారని అడిగింది. ఆపరేటరు అన్నారని చెప్పారు. "పోనీలే, అదైనా ఇత్తన్నారుగా!" అని ఆవిడ పక్కనున్న వాళ్లందరికీ చెప్పి, అక్కడికక్కడ అరకిలో స్వీటు కొంది. ఆవిడకి నిజం చెప్పడానికి ఆయనకి ఇంటి దాకా పట్టింది. ఇదంతా తర్వాత కోటమ్మే నాకు చెప్పింది, స్వీటు డబ్బా సంగతితో సహా.

మర్నాడు ఆరున్నరకి ఎప్పట్లాగే సెంటరుకొచ్చారు. నన్ను చూసి నవ్వారు. ఏమైందని నేను అడగలేదు, ఆ మొహం చూస్తే అడగాల్సిన పనే లేదు. ఏడు కొట్టింది. నా క్లాసు మొదలెట్టబోతుంటే చెక్క అవతల నుంచి ఆ గొంతు వినపడింది.

"గుడ్ మార్నింగ్. నా పేరు నాగిడి ఏడుకొండలు. మాది గిలకలదిండి. నాలుగేళ్ల నుంచీ ఈ సబ్జెక్టు చెప్తున్నది నేనే. ఇవాళ నా పేరుతో చెప్తాను."

నేను హెడ్‌ఫోన్లు తీసి పడేసి ఆయన గది గుమ్మంలోకి వెళ్లాను. తెర కుడి పక్కన నలభై రెండు పేర్లున్నాయి. కాసేపు ఎవరూ ఏమీ టైపు చెయ్యలేదు. ఆ కాసేపూ నేను, ఒక్కరైనా నమస్కారమండీ అనకపోతారా అని చూశాను. మొదటి వరస పడింది. "పిచ్చేశ్వరరావు గారు సెలవాండి?" దాని కింద రెండోది. "సార్, ఈ క్లాసు అటెండెన్స్‌కి వస్తుందా?" ఆ తర్వాత అదే ప్రశ్న కైకలూరు నుంచి, ముదినేపల్లి నుంచి, అవనిగడ్డ నుంచి పదిసార్లు పడింది. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. వాళ్ల భయం వాళ్లది.

"రాదమ్మా. నా పేరు మీద చెప్తే రాదు" అన్నారు ఏడుకొండలు గారు.

పేర్లు తగ్గడం మొదలైంది. ముప్ఫై అయిదు. ఇరవై. పదకొండు. ఆయన అటు చూడకుండా బోర్డు మీద గీత గీసి, పాఠంలోకి వెళ్లిపోయారు. గొంతులో ఏ తేడా లేదు. ఏడూ ఇరవైకి, "ఇక్కడిదాకా అర్థమైందా?" అని ఆగి, అప్పుడు కుడి పక్కకి చూశారు.

ఒక్క పేరు మిగిలి ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. దగ్గరికి వెళ్లి వంగి చదివాను. డాక్టర్ పిచ్చేశ్వరరావు అని ఉంది. అది ఆయన కూర్చున్న కంప్యూటరు పేరే.

ఏడుకొండలు గారు కూడా దాన్ని చదివారు. మంచినీళ్లు తాగారు. ఎనిమిదిన్నర దాకా ఆ పేరుకే పాఠం చెప్పారు.